66 వేల కమీషన్

బ్రోకర్ అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరికీ ఒళ్లు మంట. ఎప్పుడో పాతికేళ్ల కిందట మా మామయ్యగారు నరసరావుపేటలో ఇంటి స్థలం కొన్నప్పుడు, మధ్యవర్తి అమ్మేవాళ్లకి ఒక ధర, మామయ్యగారికి ఒక ధర చెప్పి తేడా జేబులో వేసుకున్నాడట. పెళ్లయిన కొత్తలో విన్న ఈ కథని సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా మళ్లీ వింటూనే ఉన్నాను. అందుకే 2022 దసరా తర్వాత హైదరాబాద్‌లో ఫ్లాట్ కొందామని మొదలుపెట్టినప్పుడు మేం ముందే అనుకున్న మాట ఒకటే. బ్రోకర్ల జోలికి పోవద్దు, ఓనర్‌తోనే మాట్లాడదాం.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో చేస్తారు. అప్పటికి కేపీహెచ్‌బీలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్నాం. పిల్లల స్కూలు, మెట్రో, మా ఆయన కంపెనీ బస్సు అన్నీ ఇక్కడే కాబట్టి ఇల్లు కూడా ఈ చుట్టుపక్కలే కావాలి. ఇక ప్రతి ఆదివారం ఇదే పని. బైక్ మీద మియాపూర్ నుంచి మూసాపేట దాకా వీధులన్నీ తిరిగాం. కనిపించిన టులెట్, ఫర్ సేల్ బోర్డులకల్లా ఫోన్లు చేశాం. ఆన్‌లైన్‌లో ‘ఓనర్ డైరెక్ట్’ అని ఉన్నవాటికి ఫోన్ చేస్తే సగం మంది బ్రోకర్లే తేలారు. నా నంబరు ఎలా పాకిందో ఏమో, ఐదో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతుంటే కూడా ఫోన్లే. ‘మేడమ్, ప్లాట్ చూస్తారా? శంకర్‌పల్లి సైడ్, సూపర్ వెంచర్.’

ఎనిమిది నెలల్లో దాదాపు నలభై ఫ్లాట్లు చూశాం. చూడటమైతే చూశాం కానీ, ఏం చూడాలో మాకు తెలీదు. గాలి వస్తోందా, ఈస్ట్ ఫేసింగా, వంటగది ఏ మూలన ఉంది, అంతే. 1,200 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు) అని చెప్పిన ఫ్లాట్‌లో లోపల కొలిస్తే 900 కూడా రావట్లేదేమని అడిగిన నాకే సూపర్ బిల్టప్ అంటే మెట్లు, లిఫ్టు, కారిడారు కూడా కలుస్తాయని తెలియడానికి నాలుగు ఇళ్లు పట్టింది. ఇంకా నేను లెక్కల టీచర్ని!

చివరికి మియాపూర్ దగ్గర ఒకటి బాగా నచ్చింది. రెండో అంతస్తులో మూల ఫ్లాట్. ఎటు చూసినా కిటికీలే. కట్టి ఏడాది కూడా కాలేదు. బిల్డర్ తన వాటాకి వచ్చిన ఫ్లాటని తనే అమ్ముతున్నాడు, 52 లక్షలు. గేటు మీద ‘నో బ్రోకర్స్’ అని పెద్ద అక్షరాలతో బోర్డు. మాకు కావాల్సిందీ అదే కదా. అత్తయ్యకైతే ఆ బోర్డే ఇంటికంటే ఎక్కువ నచ్చింది. ఆదివారం రెండు లక్షలు టోకెన్ ఇస్తామని ఒప్పుకున్నాం.

శనివారం మా ఆయన ఆఫీసులో ఈ సంగతి చెబితే ఆయన సీనియర్ ఒకరు, ‘అడ్వాన్స్ ఇచ్చే ముందు మా ఏజెంటుకి ఒకసారి కాయితాలు చూపించండి, పోయేదేముంది’ అన్నారట. అలా వచ్చారు ఆయన. అరవై దాటిన మనిషి. మోపెడ్ మీద వచ్చారు, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఒకప్పుడు మూసాపేటలో కిరాణా కొట్టు నడిపేవారట. అద్దె ఇళ్ల కోసం వచ్చేవాళ్లు కొట్లోనే వాకబు చేస్తుంటే చివరికి అదే వృత్తి అయిపోయిందని చెప్పారు.

ఇల్లంతా తిరిగి, ‘ఇల్లు మంచిగుందమ్మా. ఓసీ వచ్చిందా?’ అన్నారు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. బిల్డింగ్ మంజూరైన ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే కాయితం. బిల్డర్, ‘అప్లై చేశాం సార్, రెండు నెలల్లో వచ్చేస్తుంది’ అన్నాడు.

‘ఈసీ తీసిన్రా?’ అని మళ్లీ మా వైపు తిరిగారు. ఈసీ అంటే ఆస్తి మీద ఉన్న తనఖాలు, జరిగిన అమ్మకాలు చూపించే కాయితం. అది బిల్డరే ఇచ్చాడు, చూశాం కూడా. అయితే అది బిల్డింగ్ కట్టకముందు స్థలం మీద తీసిన ఈసీ అని ఆయన ఒక్క చూపుతో పట్టేశారు. మీ సేవకి వెళ్లి ఫ్లాట్ నంబరుతో కొత్తది తీయించారు. అందులో మా ఫ్లాట్ జీహెచ్ఎంసీకి, అంటే హైదరాబాద్ మున్సిపాలిటీకి తనఖాలో ఉంది.

ఈ తనఖా సంగతి మాలాంటి వాళ్లకి తెలిసే అవకాశమే లేదు. ఒక స్థాయి దాటిన బిల్డింగులకి అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే ఏరియాలో పది శాతాన్ని మున్సిపాలిటీ తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది. ప్లాన్ దాటి అదనంగా కట్టకుండా అదొక పట్టు. అంతా సరిగ్గా కట్టి ఓసీ తెచ్చుకున్నాకే ఆ తనఖా విడుదలవుతుంది. ఈ బిల్డర్ పైన ఒక పెంట్‌హౌస్ లేపాడు. దాంతో ఓసీ రావట్లేదు, ఓసీ లేకపోతే తనఖా పోదు. ఆ పది శాతంలో పడింది సరిగ్గా మేం మనసు పడ్డ ఫ్లాటే. గేటు మీద ‘నో బ్రోకర్స్’ అని ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. ఏ బ్రోకర్ వచ్చినా మొదట అడిగేది ఓసీనే మరి.

ఆ రోజు ఆయన మా దగ్గర పైసా తీసుకోలేదు. ‘కొనేటప్పుడు నాతోటి కొనుండ్రి’ అని చాయ్ తాగి వెళ్లిపోయారు. మహాత్ముడని నేను అనను. రెండు లక్షలు పోగొట్టుకోబోయిన వాళ్లు ఇక తన కస్టమర్లేనని ఆయనకి తెలుసు.

ఆ తర్వాత మా షరతులు మాట్లాడుకున్నాం. నేనే మొహమాటం లేకుండా అడిగాను, ‘మీకు ఎవరెవరు డబ్బులిస్తారు?’ అని. ‘మీరొక పర్సెంట్, అమ్మేటోళ్లు ఒక పర్సెంట్. దాచేదేముందమ్మా’ అన్నారు. రిజిస్ట్రేషన్ అయిన రోజే ఇవ్వాలి, అంతకుముందు ఏమీ వద్దు. నోట్‌బుక్ కాయితం మీద రాసి సంతకం పెట్టారు. రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే రెరాలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే నంబరు చూపించారు. నిజానికి 2016 రెరా చట్టంలో ఏజెంట్ల రిజిస్ట్రేషన్ ముఖ్యంగా కొత్త ప్రాజెక్టులు అమ్మేవాళ్ల కోసం పెట్టింది, మేం చూసేదేమో పాత ఫ్లాట్లు. అయినా ప్రభుత్వం దగ్గర పేరు నమోదైన మనిషంటే కాస్త ధైర్యం.

రెండు వైపులా డబ్బు తీసుకునే మనిషి మన మనిషి ఎలా అవుతాడని మా ఆయన నాతో వాదించారు. నేను లెక్క వేసి చూపించాను. ధర లక్ష పెరిగితే ఏజెంటుకి ఎక్కువ వచ్చేది మా తరఫున వెయ్యి, వాళ్ల తరఫున వెయ్యి. బేరం చెడితే పోయేది మొత్తం. అంటే ఆయన ఆత్రమంతా బేరం కుదరడం మీదే ఉంటుంది, రేటు పెంచడం మీద కాదు. ఆ ఆత్రం కూడా ప్రమాదమే కాబట్టి, లాయర్‌ని మాత్రం వేరేగా మేమే పెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాం.

మొదట ఆయన ఇళ్లు చూపించలేదు. మా జీతాల స్లిప్పులు చూశారు. చేతిలో ఎంత ఉంది, నరసరావుపేట స్థలం అమ్మితే ఎంత వస్తుంది, ఇప్పటికే ఏమైనా లోన్లు ఉన్నాయా అని అడిగారు. 30 లక్షల పైన 75 లక్షల లోపు హోమ్ లోన్‌కి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వదని, రిజిస్ట్రేషన్ ఖర్చు చేతి నుంచే పెట్టుకోవాలని, తెలంగాణలో అది ఏడున్నర శాతమని (స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5) లెక్క వేసి, ‘మీరు 68 దాటొద్దు’ అని తేల్చేశారు. మేం అప్పటిదాకా 75 వాటి వైపు కూడా ఆశగా చూస్తున్నాం.

మూడు వారాల్లో పదకొండే చూపించారు. చూపించడం కూడా వేరేగా ఉండేది. ఒకచోట ఆయన ఫ్లాట్‌లోకే రాలేదు. కింద వాచ్‌మన్‌తో బీడీ కాలుస్తూ కూర్చున్నారు. మేం దిగొచ్చేసరికి ఎండాకాలంలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగుతాయో, ఎవరు మెయింటెనెన్స్ కట్టరో, లిఫ్టు ఎన్ని రోజులు పనిచేస్తుందో అంతా తెలుసుకున్నారు. ‘ఓనర్ అబద్ధం చెప్తడు, వాచ్‌మన్ చెప్పడు’ అన్నారు. ఇంకోచోట గోడలకి కొత్తగా రంగు వేశారు, మాకు ముచ్చటేసింది. ఆయన బాత్రూమ్ అవతలి గోడని వేళ్లతో తట్టి, ‘వాన కాలం రాకముందే రంగేసిన్రంటే కింద చెమ్ముందన్నట్టు’ అన్నారు. వాన దంచి కొడుతున్న రోజు కావాలనే తీసుకెళ్లి సెల్లార్లు చూపించారు. ఒక సెల్లార్‌లో బైకులు సగం మునిగి ఉన్నాయి.

ఒక ఫ్లాట్ చెరువు పక్కన. బాల్కనీలోంచి నీళ్లు, కొంగలు. నేనైతే మనసులో అక్కడ కుర్చీ కూడా వేసేసుకున్నాను. చెరువుల ఎఫ్‌టీఎల్, అంటే నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మ్యాపుల్లో ఉంటాయని, అవి చూడకుండా చెరువు పక్కన గజం కూడా కొనకూడదని చెప్పి వద్దన్నారు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. మరుసటి ఏడాది జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. ఆ తర్వాత టీవీలో కూల్చివేతలు చూస్తుంటే మా ఆయన నా వైపు ఓసారి చూశారు, అంతే.

మాకు దొరికిన ఇల్లు వివేకానందనగర్ వైపు, మూడో అంతస్తు, 1,180 ఎస్ఎఫ్‌టీ, 42 గజాల యూడీఎస్, అంటే బిల్డింగ్ స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే విడగొట్టని వాటా. కట్టి పదేళ్లు. ఓసీ ఉంది. మంజీరా నీళ్ల కనెక్షన్ ఉంది. ఓనర్ టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇక్కడ వ్యవహారం చూసేది వాళ్ల నాన్నగారు. అడిగింది 72 లక్షలు.

జూలై రెండో వారం, ఆషాఢం. మా అత్తయ్య ఆషాఢంలో ఇంటి మాట ఎత్తితేనే ఒప్పుకోరు. ఏజెంటు మాత్రం, ‘గదే మంచిదమ్మా. ఇప్పుడు కొనేటోళ్లు ఎవరూ రారు. పైగా ఈసారి అధిక శ్రావణం, ఇంకో నెల కూడా బేరం రాదని వాళ్లకీ తెలుసు. మాట ఇప్పుడు కుదుర్చుకుందాం, కాయితం నిజ శ్రావణంల రాసుకుందాం’ అన్నారు. అత్తయ్యకి ఆ ఏర్పాటు నచ్చింది.

ధర తేల్చుకోడానికి రెండు వైపులవాళ్లూ కూర్చునే సిట్టింగ్ అంటే ఎలా ఉంటుందో నాకు అదే మొదటిసారి చూడటం. ముందురోజే మాకు పాఠం చెప్పారు. ‘మీరు ధర మాట్లాడొద్దు. ఇల్లు నచ్చినట్టు మొఖంల కనపడనియ్యొద్దు.’ మేం నోరు మూసుకునే కూర్చున్నాం. మా ఆయన 60 అనమన్నారు, నాకు ఆ అంకె చెప్పడానికే సిగ్గేసేది. ఏజెంటుకి ఏ మొహమాటమూ లేదు. లిఫ్టు పాతదన్నారు, కిచెన్ పైపులు మార్చాలన్నారు, పక్క వీధిలో గత నెల ఎంతకి అమ్ముడైందో చెప్పారు. అది నిజమేనని పెద్దాయనకీ తెలుసు. 65 దాకా దిగుతున్నారనగా లోపల్నుంచి అత్తయ్య గొంతు, ‘అమ్మాయ్, పూజ గది ఎంత బావుందో! మన విగ్రహాలన్నీ సరిపోతాయి!’

66 దగ్గర ఆగింది. ఆ లక్ష పూజ గది ఖాతాలోనే అని ఏజెంటు మెట్లు దిగుతూ అన్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కాయితాల మీద 45 చూపించి మిగతాది చేతికిద్దామని పెద్దాయన అంటే, మా ఏజెంటు కూడా ‘అందరూ అట్లనే చేస్తరు, మీకు రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తది’ అని వంత పాడారు. నాకు చిరాకేసింది. 45 చూపిస్తే లోన్ 36 దాటదు, మిగతా నగదు మేం ఎక్కణ్నుంచి తేవాలి? ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం పెనాల్టీ అని చట్టంలోనే ఉంది. మేం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయేసరికి ఆయనే మళ్లీ పెద్దాయన్ని ఒప్పించారు. ఏజెంటు చెప్పిందల్లా వినాలని లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కానీ ఆ తర్వాతి రెండు విషయాల్లో మాత్రం ఆయన లేకపోతే మేం గుంతలో పడేవాళ్లం.

మొదటిది జీపీఏ. కొడుకు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉందని పెద్దాయన ఒక కాయితం చూపించారు. మేం స్టాంపు, సంతకం చూసి సరే అనుకున్నాం. ఏజెంటు కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివారు. అందులో అద్దెకివ్వడానికి, పన్నులు కట్టడానికి, సొసైటీ మీటింగుల్లో కూర్చోడానికి అధికారం ఉంది. అమ్మే అధికారం ఎక్కడా లేదు. పెద్దాయనకీ ఆ సంగతి తెలీదు పాపం. కొడుకు అక్కడి భారత కాన్సులేట్‌లో కొత్త జీపీఏ అటెస్ట్ చేయించి పంపాలి, అది వచ్చాక ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో వాలిడేట్ చేయించాలి. ‘అప్పటిదాకా అగ్రిమెంటు లేదు, పెద్ద డబ్బు ఇయ్యొద్దు’ అన్నారు. యాభై వేలు టోకెన్, అదీ కొడుకు పేరున్న అకౌంట్‌కే వేశాం. వీడియో కాల్‌లో ఓనర్‌తో మమ్మల్ని మాట్లాడించారు. ఎందుకని అడిగితే, ‘ఇచ్చినాయన బతికి ఉన్నంత సేపే జీపీఏకి విలువ’ అన్నారు. వినడానికి మొరటుగానే ఉంది, చట్టం మాత్రం అదే.

రెండోది టీడీఎస్, అంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి కొనేవాళ్లు ముందే పట్టుకునే పన్ను. 50 లక్షలు, ఆ పైన ఇల్లు కొంటే ఒక శాతం పట్టుకుని ఇన్‌కమ్ టాక్స్‌కి కట్టాలని నాకు తెలుసు, అదేదో పెద్ద జ్ఞానంలా చెప్పాను కూడా. ‘ఓనర్ ఇక్కడుంటే ఒక పర్సెంట్. అమెరికాలుంటే లెక్క వేరే ఉంటది. ఎంతనేది నాకు తెల్వది, ఆడిటర్ దగ్గరికి పోండ్రి’ అన్నారు. తెలియనిది తెలియదని చెప్పిన బ్రోకర్‌ని చూడటం నాకు అదే మొదలు. ఆడిటర్ చెప్పిన అంకె వినగానే మా ఆయన మంచినీళ్లడిగారు. అప్పటి రేట్ల ప్రకారం సర్‌చార్జీ, సెస్ కలిపి ఇరవై శాతానికి పైనే, మొత్తం ధర మీద. అంటే పదిహేను లక్షల దాకా పట్టుకోవాలి! పట్టుకోకుండా మొత్తం అమ్మేవాళ్లకి ఇచ్చేస్తే తర్వాత డిపార్ట్‌మెంట్ అడిగేది కొన్న మమ్మల్ని. (2024 జూలై తర్వాత ఆ మూల రేటు 20 నుంచి 12.5 శాతానికి తగ్గింది. అయినా ఒక శాతం ఎక్కడ, ఇదెక్కడ.)

పదిహేను లక్షలు ఆపుతామంటే పెద్దాయన ఒప్పుకుంటారా? ‘మా అబ్బాయికి వచ్చిన లాభమే అంత లేదు’ అని లేచి నిలబడ్డారు. అది కూడా న్యాయమే. అమ్మేవాళ్లు తమ అసలు లాభం లెక్క చూపించి తక్కువ పట్టుకోమని ఇన్‌కమ్ టాక్స్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని ఆడిటర్ చెప్పారు. మాకూ పెద్దాయనకీ మాటలు ఆగిపోయిన ఆ వారం రోజులు ఏజెంటు మోపెడ్ మీద ఇటు, అటు తిరిగి, చివరికి ఆడిటర్‌ని ఇద్దరం కలిసి కలిసేలా చేశారు. నేరుగా కొనుంటే ఆ బేరం అక్కడే చచ్చిపోయేది. నేనే ఫోన్‌లో ఏదో ఒక మాట అనేసి ఉండేదాన్ని.

కొత్త జీపీఏ ఆగస్టులో వచ్చింది. నిజ శ్రావణ శుక్రవారం, సెప్టెంబరు 1న అగ్రిమెంటు. సర్టిఫికెట్, బ్యాంకు లోన్ పనులు సమాంతరంగా నడిచాయి. టీడీఎస్ కట్టడానికి మేం టాన్ (పన్ను పట్టుకుని కట్టేవాళ్లకి ఇచ్చే) నంబరు తీసుకున్నాం. మా లాయర్ లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పత్రాలన్నీ చూసి సరేనన్నారు. బ్యాంకు లాయర్ చూస్తారు కదా అని అందరూ అన్నారు కానీ, ఆయన చూసేది బ్యాంకు కోసం. అక్టోబరులో ఎన్నికల కోడ్ వచ్చింది. రోడ్ల మీద నగదు పట్టుకుంటున్నారని వార్తలు. మా డబ్బంతా డీడీలు, ట్రాన్స్‌ఫర్లే కాబట్టి టెన్షన్ లేదు. మేం నగదుకి ఒప్పుకోకపోవడం గురించి ఏజెంటు అప్పుడు మాత్రం, ‘మీరన్నదే మంచిగైంది’ అన్నారు.

దసరా వెళ్లాక రిజిస్ట్రేషన్. ముందురోజు రాత్రి డ్రాఫ్టు మా చేతికొచ్చింది. ఏజెంటు రెండుసార్లు చదివి అంతా కరెక్టే అన్నారు. నేను స్కూల్లో పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. 42 గజాల యూడీఎస్ ఒకచోట 24 అని పడింది. రిజిస్ట్రేషన్ అయ్యాక దొరికుంటే సవరణ పత్రానికి మళ్లీ ఆ జీపీఏ, ఆ పెద్దాయన, ఆ సంతకాలు. ఏజెంటు చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత కొంచెం సేపు నన్ను ‘టీచరమ్మ’ అని పిలిచారు.

మరుసటి రోజు స్లాట్ పదకొండున్నరకి. సర్వర్ లేదని గంటన్నర కూర్చోబెట్టారు. ఫొటోలు, వేలిముద్రలు అయ్యాయి. సాక్షుల్లో ఒకరు ఏజెంటే. బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి 66 వేలకి చెక్కు రాసిచ్చాను. ఆయన నోట్‌బుక్ కాయితం తీసి ‘ముట్టినది’ అని రాసి సంతకం పెట్టిచ్చారు. దాంతో తన పని అయిపోయిందనుకున్నాను. కానీ కరెంటు మీటరు పేరు మార్పించడానికి, సొసైటీ పాత బకాయి 11 వేలు పెద్దాయన చేత కట్టించడానికి ఇంకో నాలుగుసార్లు ఆ మోపెడ్ మా వీధికి వచ్చింది.

కార్తీకంలో గృహప్రవేశం. మామయ్యగారు నరసరావుపేట నుంచి వచ్చారు. ఏజెంటుని పరిచయం చేస్తే నమస్కారం పెట్టారు, కానీ పాలు పొంగించాక తీరిగ్గా పక్కన కూర్చోబెట్టుకుని, ‘అటువాళ్ల దగ్గర మీరు అసలు ఎంత మాట్లాడారండీ?’ అని అడగనే అడిగారు. ఆయన ఫోల్డరు తెరిచి అటువైపు రసీదు కూడా చూపించారు. మామయ్యగారు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, అత్తయ్యని పిలిచి పాయసం తెమ్మన్నారు. అత్తయ్య పూజ గదిలో ఉన్నారు, విగ్రహాలు ఇంకా సర్దుతున్నారు.

‘ఉండనీయండి సార్’ అన్నారు ఏజెంటు. ‘లక్ష పెట్టి కొన్న గది, జర కూసోనీయండి.’